సున్నపు గీతలు: హిగుచి హిసాకో గోల్ఫ్ జీవితం

(స్మారకోపన్యాస పాఠం)



ఇవాళ మనం తలచుకుంటున్న టీచరమ్మగారు ఈ బడిలో మాకు డ్రిల్లు చెప్పేవారు. పోటీలున్న రోజు తెల్లవారకముందే బడికి వచ్చేవారు. అడుగున చిల్లులు పెట్టిన డబ్బాలో పొడి సున్నం నింపి, ఆ చివరికీ ఈ చివరికీ తాడు లాగి కట్టి, దాని వెంబడే నడుస్తూ నేల మీద గీతలు గీసేవారు. మేం వచ్చేసరికి ఎర్రమట్టి మీద ఆరు తెల్లటి దారులు సిద్ధంగా ఉండేవి. పరుగు అయిపోయాక, గెలిచిన పిల్లను పిలిచి ఆ డబ్బా చేతిలో పెట్టేవారు. "తరవాత చిన్న క్లాసుల పిల్లలు పరిగెత్తాలి, గీతలు చెరిగిపోయాయి, మళ్లీ గియ్యి" అనేవారు. గెలిచిన ఆనందంలో ఉన్నప్పుడు ఈ పనేమిటని నాకు చాలాసార్లు ఉక్రోషం వచ్చేది. ఓడినవాళ్లకు ఎప్పుడూ ఆ పని చెప్పేవారు కాదు. గెలిచినవాళ్లకే చెప్పేవారు. దాని అర్థం నాకు బోధపడడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ ఉపన్యాసం చెయ్యమని మీరు అడిగినప్పుడు, ఆటల వార్తలు రాసే పనిలో నాకు తారసపడ్డ ఎన్నో జీవితాల్లో ఏది ఆమెకు నచ్చుతుందా అని ఆలోచించాను. ఒక పేరు దగ్గర ఆగిపోయాను: హిగుచి హిసాకో. జపాన్ గోల్ఫ్ క్రీడాకారిణి. మనలాగే జపాన్‌వాళ్లూ ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు కనుక హిగుచి ఇంటిపేరు, హిసాకో సొంత పేరు. అమెరికాలో ఆమెను 'చాకో' అని పిలిచేవారు. టీచరమ్మగారు గోల్ఫ్ ఆడలేదు, చూసి ఉండరు కూడా. అయినా హిగుచి చేసినదేమిటో ఆమెకు చెబితే ఒక్క మాటలో అర్థం చేసుకునేవారని నా నమ్మకం.

కవగోయె

టోక్యోకు వాయవ్యంగా, సైతామా రాష్ట్రంలో కవగోయె అని ఒక పాత ఊరు ఉంది. మందపాటి మట్టిగోడల వర్తకుల ఇళ్లకు, గంట స్తంభానికి, చిలగడదుంపలకు పేరుపడ్డ ఊరు. టోక్యో పాత పేరు ఎదో కదా, అందుకని ఈ ఊరిని 'చిన్న ఎదో' అని ముద్దుగా పిలుస్తారు. 1945 అక్టోబర్ 13న హిగుచి అక్కడే పుట్టారు. యుద్ధం ముగిసి అప్పటికి రెండు నెలలే. దేశమంతా బూడిదలోంచి లేస్తున్న కాలం.

ఆ ఊళ్లోనే దేశంలోకెల్లా ప్రతిష్ఠ గల గోల్ఫ్ మైదానాల్లో ఒకటి ఉంది. పేరు కసుమిగసెకి కంట్రీ క్లబ్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం. 1957లో, హిగుచికి పన్నెండేళ్ల వయసులో, కెనడా కప్ అనే ప్రపంచ పోటీ అక్కడ జరిగింది. ఒక్కో దేశానికి ఇద్దరేసి ఆటగాళ్లు. అమెరికా తరఫున సామ్ స్నీడ్, జిమ్మీ డెమరెట్ వంటి దిగ్గజాలు వచ్చారు. నకమూరా తోరాకిచి, ఒనో కోయిచి అనే ఇద్దరు జపాన్‌వాళ్లు వాళ్లందరినీ ఓడించి కప్పు గెలిచారు. వ్యక్తిగత విజేత కూడా నకమూరానే. యుద్ధంలో చితికిపోయిన దేశం ఆ గెలుపుతో ఉప్పొంగింది. డబ్బున్నవాళ్ల కాలక్షేపంగా ఉన్న గోల్ఫ్ మీదికి అప్పుడే జనం చూపు మళ్లింది.

మరి ఆ ఆటలో ఆడవాళ్ల చోటెక్కడ? జపాన్ గోల్ఫ్ కోర్సుల్లో ఆటగాడి సంచి మోసే కేడీలు ఎక్కువగా ఆడవాళ్లే. మైదానమంతా వాళ్ల కాళ్లకిందే ఉంటుంది. ఏ గుంట ఎక్కడుందో, ఏ వాలు ఎటు పోతుందో సంచి వెనక నడిచే మనిషికి తెలిసినంతగా ఆడేవాడికి తెలియదు. కానీ కర్ర పట్టుకొని ఆడి, దాని మీద బతకవచ్చన్న మాట ఆడపిల్లకు చెప్పేవాళ్లు లేరు. ఆ బతుకుతెరువుకు పేరే లేదు.

కొలువు, గురువు

హిగుచి మొదట పట్టుకున్నది గోల్ఫ్ కర్ర కాదు. ఉన్నత పాఠశాలలో ఆమె హర్డిల్స్ పరుగు తీసేవారు. ఈ సంగతి చదివినప్పుడే ఆమె మన మనిషి అనిపించింది నాకు. హర్డిల్స్ పరిగెత్తినవాళ్లకు తెలుసు, ఆ ఆటలో బలం కంటే లెక్క ముఖ్యం. రెండు హర్డిళ్ల మధ్య ఎన్ని అడుగులో అన్నే పడాలి. ఒక్క అడుగు అటూ ఇటూ అయితే తరవాతది మోకాలికి తగులుతుంది. ప్రతిసారీ అదే లయ, అదే కాలు. ఆ క్రమశిక్షణ ఒంట్లో ఇంకినవాళ్లకు గోల్ఫ్ ఎందుకు పట్టుబడుతుందో ఊహించవచ్చు.

చదువయ్యాక ఆమె సైతామాలోనే కవగోయె కంట్రీ క్లబ్‌లో ఉద్యోగంలో చేరారు. అక్కడ ఆమెకు దొరికిన గురువు, 1957లో కప్పు గెలిచిన నకమూరా తోరాకిచి. కేడీగా మొదలుపెట్టి దేశానికి వీరుడైన మనిషి ఆయన. మైదానాల్లో కొలువు చేసే ఆడపిల్లల చేతుల్లో ఆట ఉందని గుర్తించారు.

1967లో జపాన్‌లో మొట్టమొదటిసారి మహిళలకు ప్రొఫెషనల్ పరీక్ష పెట్టారు. 26 మంది నెగ్గారు. వాళ్లలో ఇరవై రెండేళ్ల హిగుచి ఒకరు. అంతకు ముందు రోజు వరకు ఆ దేశంలో మహిళా ప్రొఫెషనల్ గోల్ఫర్ అనే మాటకు మనిషి లేదు. ఆ మరునాడు 26 మంది ఉన్నారు. మొదట్లో వాళ్లు పురుషుల సంఘంలో ఒక విభాగంగా ఉండేవాళ్లు. 1974లో విడిగా తమ సంఘం పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు నకమూరానే. శిష్యుల కోసం గురువు గీసిన మొదటి గీత అది.

ఆ గీత మీద హిగుచి ఎలా పరిగెత్తారో అంకెల్లోనే చెప్పాలి. జపాన్ మహిళా ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్, ఇవాళ జపాన్ మహిళా ఓపెన్ అని పిలిచే పోటీ, రెండూ 1968లో మొదలయ్యాయి. ఆ ఏడాది రెండూ ఆమే గెలిచారు. ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్ ఆ ఏడాదితో కలిపి వరసగా ఏడేళ్లు మరొకరికి దక్కలేదు. మొత్తం మీద అది 9 సార్లు, ఓపెన్ 8 సార్లు ఆమెవయ్యాయి. ఏడాది సంపాదనలో మొదటి స్థానం 11 సార్లు ఆమెదే, అందులో మొదటి 9 ఏళ్లు వరసగా. సొంత దేశపు టూర్‌లో (ఏడాది పొడవునా సాగే పోటీల వరస అది) ఆమె విజయాలు 69.

ఇన్ని అంకెలు చెప్పాక ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎదురు లేని ఇంట్లో ఉండిపోవచ్చు కదా? పేరుంది, సంపాదన ఉంది. హాయిగా ఉండవచ్చు. ఆమె ఉండలేదు. 1970 నుంచి అమెరికా టూర్‌కు వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ ఆమె ఎవరికీ తెలియదు. భాష రాదు, తిండి వేరు, గడ్డి వేరు. మన దగ్గర నల్లరేగడికీ ఎర్రనేలకూ ఎంత తేడానో, ఒక దేశపు పచ్చికకూ మరో దేశపు పచ్చికకూ గోల్ఫ్ బంతి నడకలో అంత తేడా. ఊళ్లో రాణిగా ఉన్న మనిషి పరాయి చోట అనామకురాలిగా మళ్లీ మొదలుపెట్టడానికి ఎంత గుండె కావాలో, పెళ్లయ్యాకో ఉద్యోగం కోసమో దేశాలు దాటిన మన ఆడపిల్లలకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఒంటి బరువు

ఆమె ఆట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లలు జాగ్రత్తగా వినండి.

గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు మించకూడదు. దాన్ని రెండు మూడు వందల గజాలు కొట్టాలి. అంత దూరం పంపే శక్తి ఎక్కణ్నుంచి వస్తుంది? చేతుల్లోంచి అనుకుంటాం. బండ మీద తడిసిన దుప్పటి ఉతికే మనిషిని ఎప్పుడైనా గమనించండి. చేతులతో ఉతికితే నాలుగు దెబ్బలకే అలసిపోతుంది. ఒళ్లంతా వెనక్కి వంచి, బరువంతా ఒక కాలి మీదికి తెచ్చి, అక్కణ్నుంచి ముందుకు విసిరితే పొద్దంతా ఉతకగలదు. గోల్ఫ్ కర్ర తిప్పడంలోనూ కిటుకు ఇదే. బరువు ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి మారాలి, ఆ మారడంలో నడుము, భుజాలు, చేతులు ఒకదాని వెనక ఒకటి తిరగాలి.

అయితే పుస్తకాలు ఒక నియమం చెబుతాయి: బరువు మారినా తల మాత్రం కదలకూడదు. తల కదిలితే బంతి మీద గురి తప్పుతుందని. హిగుచి స్వింగ్ ఆ నియమాన్ని పాటించలేదు. కర్ర వెనక్కి తీసేటప్పుడు ఆమె ఒళ్లంతా, తలతో సహా, కుడివైపుకు బాగా జరిగేది. మళ్లీ అంతా ఒక్కటిగా ఎడమవైపుకు వచ్చేది. చూసినవాళ్లు నివ్వెరపోయేవారు. అలా ఊగిన మనిషికి బంతి సరిగ్గా ఎలా తగులుతుందని సందేహం. తగిలేది, ప్రతిసారీ ఒకేలాగా. హర్డిల్స్‌లో అడుగుల లెక్క తప్పని మనిషికి ఆ ఊపులోనూ లెక్క తప్పలేదు.

నాకిందులో కనిపించేది ధైర్యం. పాశ్చాత్యుల ఒడ్డూ పొడుగూ కొలతలుగా రాసిన నియమాలు తన ఒంటికి సరిపోనప్పుడు, తన ఒంటికి తగిన దారి వెతుక్కున్నారు. అమెరికా వెళ్లి, అక్కడి పద్ధతికి అనుగుణంగా దాన్ని మార్చుకోవాలన్న ఆరాటంలో పడలేదు. సొంత పద్ధతిని నమ్ముకొని అక్కడే గెలిచారు. టీచరమ్మగారు కూడా ఎవరి పరుగునూ అచ్చు పోసినట్టు మార్చేవారు కారు. "నీ కాళ్లు నీకు తెలుసు, వాటి మాట విను" అనేవారు.

1977 జూన్

దేశం బయట 1974లో ఆస్ట్రేలియా మహిళా ఓపెన్ గెలిచారు. 1976లో ఇంగ్లండ్‌లోని సన్నింగ్‌డేల్‌లో కోల్గేట్ యూరోపియన్ ఓపెన్. అది అమెరికా టూర్ లెక్కలోకి వచ్చే పోటీ, ఆ టూర్ మీద ఆమెకు మొదటి గెలుపు. ఆ తరవాతి ఏడాది జూన్‌లో, దక్షిణ కెరొలైనాలోని నార్త్ మర్టిల్ బీచ్ దగ్గర బే ట్రీ మైదానంలో అమెరికా మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘం వారి ఎల్పీజీఏ ఛాంపియన్‌షిప్ జరిగింది. గోల్ఫ్‌లో ఏడాదికి కొన్ని పోటీలను 'మేజర్' అంటారు. మిగతావన్నీ పండగలైతే అవి పెద్ద పండగలు. ఇది అందులో ఒకటి.

నాలుగు రోజులు, రోజుకు 18 గుంటలు. ఇన్ని దెబ్బల్లో పూర్తి చెయ్యాలని మైదానానికి ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. అక్కడ నాలుగు రోజులకు పార్ 288. హిగుచి 279 దెబ్బల్లో ముగించారు. తొమ్మిది తక్కువ. మూడు దెబ్బల తేడాతో గెలిచారు. రెండో స్థానంలో ముగ్గురు సమానంగా నిలిచారు: పాట్ బ్రాడ్లీ, కెనడాకు చెందిన శాండ్రా పోస్ట్, జూడీ రాంకిన్. ఈ జూడీ రాంకిన్ అంతకు ముందు ఏడాదే, ఒక్క సీజన్‌లో లక్ష డాలర్లు దాటి సంపాదించిన మొదటి మహిళగా పేరు తెచ్చుకున్నారు. అలాంటివాళ్లను వాళ్ల గడ్డ మీదే దాటారు. అప్పటికి హిగుచికి 31 ఏళ్లు.

ఆసియాలో పుట్టిన మనిషి, ఆడగానీ మగగానీ, గోల్ఫ్‌లో మేజర్ గెలవడం చరిత్రలో అదే మొదటిసారి. జపాన్ పురుషుల్లో ఆ ఘనత సాధించినవాడు మత్సుయమా హిదెకి, 2021లో మాస్టర్స్ అనే మేజర్ గెలిచినప్పుడు. అంటే తన దేశపు మగవాళ్ల కంటే 44 ఏళ్ల ముందు ఆమె అక్కడికి చేరారు.

నలభై రెండేళ్లు

ఇక్కడితో కథ ముగిస్తే అది ఒక గొప్ప క్రీడాకారిణి విజయగాథ అవుతుంది. నేను చెప్పదలచుకున్నది ఆ తరవాతి సంగతి.

మొదటి మేజర్ వెనకే జపాన్ ఆటగాళ్లకు రెండోది వస్తుందని అందరూ అనుకున్నారు. రాలేదు. ఆమె వెనక వచ్చినవాళ్లు చిన్నవాళ్లు కారు. హిరోషిమా ప్రాంతం నుంచి వచ్చిన ఒకమోతో అయాకో సాఫ్ట్‌బాల్ ఆడుతూ గోల్ఫ్‌లోకి మారారు. అమెరికా టూర్‌లో 17 విజయాలు. 1987లో ఆ టూర్ సంపాదన పట్టికలో మొదటి స్థానం పొందారు, అమెరికా బయటివాళ్లలో అది మొదటిసారి. అదే ఏడాది అమెరికా మహిళా ఓపెన్‌లో లారా డేవీస్, జోయాన్ కార్నర్‌లతో సమంగా నిలిచి, తేల్చే పోటీలో డేవీస్ చేతిలో రెండు దెబ్బల తేడాతో ఓడారు. మేజర్లలో ఆరుసార్లు రెండో స్థానం. ఒక్కటీ దక్కలేదు. ఒకినావా అమ్మాయి మియజాతో ఐ 2010లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అమెరికా టూర్‌లో 9 విజయాలు సాధించింది. మేజర్ లేకుండానే 2017లో ఆట విరమించింది.

ఏళ్లు గడుస్తున్న కొద్దీ 1977 ఒంటరి అంకెగా మిగిలిపోయింది. ఒంటరి అంకెను రెండు రకాలుగా చూడవచ్చు. ఆమె తప్ప ఎవరూ చెయ్యలేనిది చేశారని పొగడవచ్చు. తను గెలిచారు గానీ దారి పడలేదని బాధపడవచ్చు. ఆమె ఆ పొగడ్తతో తృప్తిపడి ఉంటే ఈ సభలో ఆమె పేరు ఎత్తేదాన్ని కాను.

1990ల చివర్లో హిగుచి జపాన్ మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘానికి అధ్యక్షురాలయ్యారు. దాదాపు పద్నాలుగేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. మైదానంలో కొట్టిన దెబ్బకు చప్పట్లుంటాయి. ఆఫీసులో కూర్చుని చేసే పనికి ఉండవు. పోటీలకు డబ్బు పెట్టే కంపెనీలను నిలుపుకోవాలి. జపాన్ ఆర్థికంగా దిగాలుపడిన రోజులవి. కొత్త పిల్లల పరీక్షలు, నియమాలు, క్రమశిక్షణ, ప్రేక్షకులతో మర్యాద, ఇవన్నీ చూసుకోవాలి. ఒక పోటీ ఆగిపోతే దాని వెనక ఎందరో అమ్మాయిల బతుకుతెరువు ఆగుతుంది. ఒకప్పుడు గురువు కూర్చున్న కుర్చీ అది. శిష్యురాలు దానికి తగిన మనిషయ్యారు.

2003లో ఆమెను ప్రపంచ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. జపాన్ నుంచి ఆ గౌరవం పొందిన మొదటి మనిషి. సరిగ్గా అదే ఏడాది, ఇంకా హైస్కూల్లో చదువుతున్న పద్దెనిమిదేళ్ల మియజాతో ఐ ఒక ప్రొఫెషనల్ పోటీలో దిగి పెద్దలందరినీ ఓడించింది. జపాన్ మహిళా గోల్ఫ్‌కు జనం పోటెత్తారు. చిన్నపిల్లలు టీవీల ముందు కూర్చున్నారు. ఆ జనం వచ్చేసరికి చూడడానికి పోటీలున్నాయి, ఆ పిల్లలు పెద్దయ్యేసరికి ఆడడానికి టూర్ ఉంది. 2011లో హిగుచి అధ్యక్ష పదవిని కోబయాషి హిరోమికి అప్పగించారు. ఆమె కూడా అమెరికా వెళ్లి గెలిచి వచ్చిన క్రీడాకారిణే. డబ్బా ఆటగత్తె చేతిలోంచి ఆటగత్తె చేతిలోకే వెళ్లింది.

ఆ తరం పిల్లల్లోంచి ఒకమ్మాయి, షిబునో హినాకో, 2019లో ఇంగ్లండ్‌లోని వోబర్న్‌లో మహిళల బ్రిటిష్ ఓపెన్ గెలిచింది. ఇరవై ఏళ్ల వయసు. దేశం బయట ఆమె ఆడిన మొదటి మేజర్ అదే. ఆఖరి గుంట దగ్గర దూరం నుంచే బంతిని గుంటలో వేసి, ఒక్క దెబ్బ తేడాతో గెలిచింది. 1977 ఒంటరితనం 42 ఏళ్ల తరవాత తీరింది. ఆ తరవాత కట్ట తెగినట్టయింది. 2024లో ససో యూకా అమెరికా మహిళా ఓపెన్, ఫురుయె అయాకా ఎవియాన్. 2025లో సైగో మావో షెవ్రాన్, యమషితా మియూ బ్రిటిష్ ఓపెన్. రెండేళ్లలో నాలుగు మేజర్లు. యమషితా ఎత్తు 150 సెంటీమీటర్లు. మన హైస్కూలు పిల్లల్లో సగం మంది ఆమె కంటే పొడుగుంటారు.

ఇదంతా హిగుచి ఒక్కరి చలవే అనడం లేదు. ఎవరి చెమట వాళ్లదే. తల్లిదండ్రులు, గురువులు, ఊరూరా ఉన్న అభ్యాస మైదానాలు అన్నీ కలిస్తేనే ఆటగాళ్లు పుడతారు. నేను చెప్పేది ఒక్కటే. 1968లో ఒకటి రెండు పోటీలతో మొదలైన టూర్ ఇవాళ ఏడాదికి ముప్పై అయిదుకు పైగా పోటీలు నడుపుతోంది. అది దానంతటది పెరగలేదు. వానకు చెరిగిన ప్రతిసారీ ఎవరో మళ్లీ గీశారు. వాళ్లలో అందరికంటే ఎక్కువ గెలిచిన మనిషి ఉన్నారు.

మళ్లీ కవగోయె

ఇప్పుడు మళ్లీ ఆమె పుట్టిన ఊరికి వెళదాం. టోక్యో ఒలింపిక్స్‌లో గోల్ఫ్ ఎక్కడ జరగాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు కసుమిగసెకి క్లబ్‌ను ఎంచుకున్నారు. అప్పుడు లోకానికి ఒక సంగతి తెలిసింది. ఆ క్లబ్‌లో ఆడవాళ్లకు పూర్తి సభ్యత్వం లేదు. ఆదివారాలు ఆడే వీలు లేదు. 1957లో కాదు, 2017లో. ఆ ఊరి ఆడపడుచు ఆసియాలోనే మొదటి మేజర్ తెచ్చి అప్పటికి నలభై ఏళ్లు. టోక్యో గవర్నర్ కొయికె యూరికో బాహాటంగా అభ్యంతరం చెప్పారు. ఒలింపిక్ సంఘం ఒత్తిడి తెచ్చింది. 2017 మార్చిలో క్లబ్ నియమం మార్చుకుంది.

ఒక మనిషి గెలుపు చుట్టూ ఉన్న గోడలన్నిటినీ కూల్చదు. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి. నువ్వు గెలిస్తే లోకం మారిపోతుందని అబద్ధం చెబితే, గెలిచాక గోడ అక్కడే కనిపించినప్పుడు వాళ్లు కుంగిపోతారు. గెలవడం ఒక పని, తలుపు తెరిపించడం ఇంకో పని. రెండోది ఎక్కువ కాలం పడుతుంది. ఎక్కువ మంది కావాలి.

2021 ఆగస్టు 7న ఆ మైదానంలోనే ఒలింపిక్ మహిళల గోల్ఫ్ ఆఖరి రోజు. ఆ తెల్లవారుజామున మన దేశంలో గోల్ఫ్ నియమాలు కూడా తెలియనివాళ్లు ఎందరో టీవీలు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ పతకానికి చేరువలో ఉంది. తల్లే ఆమెకు కేడీగా సంచి మోస్తోంది. మధ్యలో గాలివాన భయంతో ఆట ఆపారు. మళ్లీ మొదలైంది. అమెరికా అమ్మాయి నెల్లీ కోర్డాకు స్వర్ణం. న్యూజీలాండ్‌కు చెందిన లిడియా కో, జపాన్‌కు చెందిన ఇనామి మోనె సమంగా నిలిస్తే, తేల్చే గుంట దగ్గర ఇనామి గెలిచి రజతం అందుకుంది. వాళ్ల వెనక ఒకే ఒక్క దెబ్బ తేడాతో మన అదితి నాలుగో స్థానంలో ఆగింది. గోల్ఫ్‌లో జపాన్‌కు అదే మొదటి ఒలింపిక్ పతకం. హిగుచి పుట్టిన ఊళ్లో, నకమూరా కప్పు గెలిచిన నేల మీద, అంతకు నాలుగేళ్ల ముందు దాకా ఆడవాళ్లను పూర్తి సభ్యులుగా ఒప్పుకోని మైదానంలో.

ఆ రోజు నా కళ్లు చెమర్చాయి. పతకం పోయినందుకు కొంత. అదితి ఆట చూస్తూ, మన దగ్గర ఎవరో ఎక్కడో మొదటి గీత గీశారన్న సంతోషంతో మరికొంత.

నుదుటి గీతను నమ్ముకొని ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టిన కాలంలో టీచరమ్మగారు నేల మీద గీతలు గీశారు. ఆమె దగ్గర పరిగెత్తినవాళ్లలో అందరూ పతకాలు తేలేదు. పోలీసు ఉద్యోగాల్లో చేరినవాళ్లున్నారు, టీచర్లయినవాళ్లున్నారు, పొలం చేసుకుంటున్నవాళ్లున్నారు. గెలిచినవాళ్లకే డబ్బా ఎందుకు ఇచ్చేవారో హిగుచి జీవితం చదివాక నాకు తెలిసింది. ఓడిన పిల్లకు గీత విలువ ఎలాగూ తెలుసు. గెలిచిన పిల్లే తన కాళ్ల బలంతోనే గెలిచాననుకుంటుంది. కాళ్ల కింద ఎవరో గీసిన గీత ఉందని ఆమెకు గుర్తుచెయ్యాలి.

హైస్కూలు పోటీలు రేపు ఉదయమే అని హెడ్‌మాస్టరుగారు చెప్పారు. ఈ సభ అయ్యాక మైదానం దగ్గరికి వద్దాం. ఒక బస్తా సున్నం, తాడు, నాలుగు డబ్బాలు అక్కడ పెట్టించాను. నా ఈడువాళ్లు నడుము వంగకపోతే తాడు పట్టుకోండి చాలు. గీతలు పిల్లలు గీస్తారు.